సముద్రపు బ్రయోజోవన్లను వర్గీకరించడం, అవి ఎక్కడ ఉన్నాయో నమోదు చేయడం ఎలా?

విశాఖ, భీమిలి, కాకినాడ నుంచి జువాలజీ విద్యార్థులు, బీచ్‌లో నడకకు వెళ్లేవాళ్లు పంపే ఫొటోల్లో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ఆలుచిప్ప మీదో, పడవ అడుగునో, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సీసా మీదో గళ్లు గళ్లుగా తెల్లటి పలుచని పొర ఉంటుంది. "ఇది పగడమా, నాచా? పేరేంటి? మన తీరంలో ఇంకెక్కడ దొరుకుతుంది?" అని అడుగుతారు. చాలాసార్లు అది బ్రయోజోవన్ సహనివేశం, అంటే గుంపుగా కలిసి బతికే చిన్న నీటి జంతువుల కాలనీ. ఫోన్ ఫొటో చూసి జాతి పేరు చెప్పడం దాదాపు అసాధ్యం. చేతిలో నమూనా ఉన్న మీరు మాత్రం చాలా దూరం వెళ్లగలరు. ఆ దారి ఇక్కడ రాస్తున్నాను.

ముందు తెలియాల్సిన సిద్ధాంతం కొంచెమే. సహనివేశం అంటే చిన్న చిన్న జంతువుల గుంపు. ఒక్కో జంతువును జూయిడ్ అంటారు. అది సాధారణంగా ఒక మిల్లీమీటరు కంటే చిన్నది. ఒక్కోదానికి సొంత స్పర్శకాల (తిండి పట్టే సన్నని పోగుల) వలయం, యూ ఆకారపు జీర్ణనాళం ఉంటాయి. డింభకం (లార్వా) ఒకచోట అతుక్కుని మొదటి జూయిడ్‌గా మారుతుంది. దాన్ని ఆన్సెస్ట్రులా అంటారు. మిగతావన్నీ దాని నుంచి మొగ్గలు తొడిగి వచ్చినవే. ఇప్పుడు బతికున్న జాతులు సుమారు 6,000. వాటిలో అత్యధికం కైలోస్టోమ్‌లు అనే ఒక్క క్రమానికి (ఆర్డర్‌కు) చెందుతాయి. మీకు దొరికేది కూడా అదే కావచ్చు.

ఒక్క విషయం మొదటే గట్టిగా పట్టుకోండి. సహనివేశం ఆకారాన్ని బట్టి పేరు పెట్టకండి, జూయిడ్‌ను బట్టి పెట్టండి. ఒకే జాతి చదునైన చిప్ప మీద పలకలా పరుచుకుంటుంది, తాడు మీద గొట్టంలా చుట్టుకుంటుంది, చోటు చాలకపోతే మడతలు పడి పైకి లేస్తుంది. సంబంధం లేని రెండు జాతులు దూరం నుంచి అచ్చం ఒకేలా కనిపిస్తాయి. నా దగ్గరకు వచ్చే తప్పుడు పేర్లలో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతున్నాయి.

కావలసినవి

పది రెట్లు చూపే చేతి భూతద్దం తప్పనిసరి. కనీసం 40 రెట్ల స్టీరియో మైక్రోస్కోప్ ఉంటే పని సాఫీగా సాగుతుంది. కాలేజీ ల్యాబ్‌లో అది దొరక్కపోతే కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ మైక్రోస్కోప్‌తో కూడా క్రమం, కుటుంబం వరకు చాలాసార్లు వెళ్లొచ్చు.

సన్న మొన ఉన్న ఫోర్సెప్స్, సూది, పాత చాకు, చిన్న ఉలి, జిప్ కవర్లు, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు, మందపాటి కాగితం, పెన్సిల్ తీసుకోండి. లేబుల్ పెన్సిల్‌తోనే రాయాలి. బాల్ పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, దానితో పాటు నమూనా విలువా పోతుంది.

నిల్వకు 70 శాతం ఇథనాల్ కావాలి. డీఎన్‌ఏ పని ఉంటే 95 శాతం. శుభ్రం చేయడానికి ఇంట్లో వాడే బ్లీచ్ ద్రావణం, మత్తుకు మెగ్నీషియం క్లోరైడ్, ఇంకా థర్మామీటరు. లవణీయత, అంటే నీటిలో ఉప్పు ఎంతుందో, కొలిచే చేతి రిఫ్రాక్టోమీటరు దొరికితే తప్పకుండా పెట్టుకోండి. విస్తరణ గురించి మాట్లాడాలంటే ఆ అంకె చాలా పనికొస్తుంది.

1. ఎక్కడ, ఎప్పుడు వెతకాలి

అమావాస్య, పౌర్ణమి దగ్గర రోజుల్లో పాటు బాగా దిగుతుంది. టైడ్ టేబుల్ చూసి, నీళ్లు అన్నిటికంటే కిందికి దిగే సమయానికి ఓ గంట ముందు అక్కడ ఉండండి. నీళ్లు తిరిగి పోటెత్తడం మొదలవగానే బయటికి వచ్చేయాలి. రుషికొండ, భీమిలి, యారాడ దగ్గర రాళ్లు జారతాయి. ఒంటరిగా వెళ్లకండి.

రాతి పైభాగం వదిలేసి కింది వైపు చూడండి. ఎండ, ఒండ్రు తగలని చోట్లే వీటికి ఇష్టం. పెద్ద ఆలుచిప్పలు, నత్త గుల్లలు, సర్గాసం లాంటి సముద్రపు నాచు కాడలు, జెట్టీ స్తంభాలు, లంగరు తాళ్లు, బోయాలు, మరమ్మతుకు ఒడ్డుకు లాగిన పడవల అడుగు భాగాలు అన్నీ వెతకండి. వలల్లో చిక్కి జాలర్లు పారేసే గుల్లలు మంచి నిధి. లోతు నీళ్ల జాతులు మీకు దొరికే దారి దాదాపు అదొక్కటే. ఆ గుల్ల ఎంత లోతు నుంచి, ఏ వైపు నుంచి వచ్చిందో అప్పుడే అడిగి రాసుకోండి. వలవేసినవాళ్లకు ఆ లెక్క బాగా తెలుసు.

తిప్పి చూసిన రాయిని మళ్లీ అలాగే బోర్లించండి. కింది వైపు ఎండకు వదిలేస్తే దానిమీద ఉన్నవన్నీ చచ్చిపోతాయి.

హెచ్చరిక: పగడాలు, సీ ఫ్యాన్‌లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. మీరు చూస్తున్నది పగడమో బ్రయోజోవనో తేల్చుకోలేకపోతే ఫొటో తీసుకుని అక్కడే వదిలేయండి. హార్బర్ లోపల పోర్టు అనుమతి కావాలి, కోరింగ అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి కావాలి. అనుమతి పత్రం లేని నమూనాను తర్వాత ఏ మ్యూజియమూ తీసుకోదు.

2. అసలు అది బ్రయోజోవనేనా?

నమూనాను సముద్రపు నీటితో సహా గిన్నెలో పెట్టి, నీడలో పది, పదిహేను నిమిషాలు కదపకుండా వదిలేయండి. తర్వాత భూతద్దంతో చూడండి. బతికి ఉంటే గరాటు ఆకారంలో స్పర్శకాలు బయటికి వస్తాయి. సూదితో పక్కన తట్టగానే ఆ గరాటు మొత్తం రెప్పపాటులో గదిలోకి మాయమైపోవాలి. పగడాల బంధువులైన హైడ్రాయిడ్లయితే స్పర్శకాలు ముడుచుకుంటాయి గానీ ఇంత వేగం ఉండదు, ఇంత పూర్తిగా లోపలికి పోవు.

ఎక్కువగా పొరబడేది వీటితోనే:

- డిడెమ్నమ్ లాంటి సహనివేశ అసీడియన్లు (సంచుల్లాంటి సముద్ర జంతువులు) తెల్లటి పొరగా పరుచుకుంటాయి. వేలితో తాకితే మెత్తగా, జారుడుగా ఉంటాయి. గళ్లు ఉండవు, చిన్న రంధ్రాలు ఉంటాయి.
- గులాబీ రంగు సున్నపు నాచు గట్టిగా ఉంటుంది గానీ భూతద్దం కింద గదులు కనపడవు.
- స్పైరార్బిడ్ పురుగుల తెల్లటి చుట్టలు ఒక్కొక్కటీ విడిగా ఉంటాయి.
- స్పాంజిలో పెద్దా చిన్నా రంధ్రాలు క్రమం లేకుండా ఉంటాయి.

వెనిగర్ చుక్క వేస్తే పొంగింది కాబట్టి బ్రయోజోవన్ అని కొందరు రాస్తారు. ఆ పరీక్ష సున్నం ఉందని మాత్రమే చెబుతుంది. సున్నపు నాచూ పొంగుతుంది, డిడెమ్నమూ పొంగుతుంది.

3. బతికి ఉండగానే రాసుకోవలసినవి

రంగు, మెత్తదనం, స్పర్శకాల సంఖ్య, పిండాల రంగు ఆల్కహాల్‌లో వేశాక నిలవవు. ఈ నాలుగూ ముందే రాసుకోండి. స్పర్శకాలు లెక్కపెట్టడానికి కనీసం ఐదు జూయిడ్‌లు చూడండి.

ఫొటోలు నాలుగు రకాలు కావాలి: ఉన్నచోట సహనివేశం, స్కేలుతో మొత్తం సహనివేశం, స్కేలుతో జూయిడ్‌ల గుంపు, పిండ గదులు (పిండాలు పెరిగే గదులు) ఉన్న భాగం. మైక్రోస్కోప్‌కు స్టేజ్ మైక్రోమీటరు (సన్నని కొలత గీతలున్న స్లైడ్) లేకపోతే అదే జూమ్‌లో మిల్లీమీటరు గీతల స్కేలును కూడా ఒక ఫొటో తీసి ఉంచుకోండి. జూమ్ కొంచెం మారినా ఆ స్కేలు పనికిరాదు.

4. మత్తు ఇవ్వడం, నిల్వ చేయడం

నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే స్పర్శకాలు లోపలికి ముడుచుకుపోతాయి. గట్టి సున్నపు జాతులకు దానివల్ల పెద్ద నష్టం లేదు. మెత్తని జాతులకు మాత్రం మత్తు తప్పనిసరి. లీటరు మంచినీళ్లలో 73 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కరిగించి, నమూనా ఉన్న సముద్రపు నీటికి సమానంగా కొద్దికొద్దిగా కలపండి. సూదితో తట్టినా స్పర్శకాలు కదలకుండా ఉంటే మత్తు ఎక్కినట్టే. మెగ్నీషియం క్లోరైడ్ దొరకని ఊళ్లో ఆయుర్వేద సరుకుల కొట్టులో పిప్పర్‌మెంట్ పువ్వు అడగండి. రెండు మూడు పలుకులు నీటి మీద చల్లి మూత పెడితే నెమ్మదిగా పని చేస్తుంది.

తర్వాత నమూనాను మూడు భాగాలు చేయండి. ఒకటి 70 శాతం ఇథనాల్‌లోకి. ఒకటి మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టడానికి. చిన్న ముక్క ఒకటి 95 శాతం ఇథనాల్‌లోకి. ఇప్పుడు డీఎన్‌ఏ చేసే ఆలోచన లేకపోయినా ఆ ముక్క ఉంచండి. ఎందుకో ఏడో భాగంలో, బుగులా అనే బ్రయోజోవన్ దగ్గర చెబుతాను.

ఫార్మలిన్ వద్దు. నిల్వ ఉండే కొద్దీ అది ఆమ్లంగా మారి సున్నపు గోడలను కరిగిస్తుంది. కొన్నేళ్ల తర్వాత సీసా తీస్తే గుర్తించడానికి పనికొచ్చే భాగమే మిగలదు. పాత కాలేజీ మ్యూజియాల్లో బ్రయోజోవన్ సీసాలు చాలావరకు పాడైపోవడానికి ఇదొక కారణం.

5. క్రమం తేల్చడం

ఇక్కడ మూడు ప్రశ్నలు చాలు.

జూయిడ్‌లు సున్నపు గొట్టాలుగా ఉండి, చివర గుండ్రటి నోరు మూత లేకుండా తెరిచే ఉందా? అయితే సైక్లోస్టోమ్. ఇది స్టీనోలీమేటా తరగతిలో ఇప్పటికీ బతికున్న ఒకే ఒక్క క్రమం. మిగతా క్రమాలన్నీ శిలాజాలే. పిండాలు పెరిగే ఉబ్బిన సంచి, అంటే గోనోజూయిడ్, దొరికితే సందేహం తీరిపోతుంది. అది లేకుండా ఈ క్రమంలో జాతి దాకా వెళ్లడం కష్టం. నెట్‌లో వెతికేటప్పుడు క్రమం పేరు సైక్లోస్టొమాటిడా అని పూర్తిగా కొట్టండి. సైక్లోస్టొమాటా అని కొడితే లాంప్రే చేపలు వచ్చిపడతాయి.

సున్నమే లేకుండా జిగురుగా, తోలుగా, లేదా పారదర్శకమైన కాడలుగా ఉందా? అయితే టీనోస్టోమ్. వెచ్చని హార్బర్లలో తాళ్లకు ఉడికిన సేమియాలా వేలాడే అమాథియా వెర్టిసిలాటా దీనికి మంచి ఉదాహరణ. కాడకు రెండు వైపులా వరసగా అంటుకున్న చిన్న సంచులే జూయిడ్‌లు. నాచు అనుకుని దీన్ని వదిలేసేవాళ్లు చాలామంది.

జూయిడ్‌లు పెట్టెలుగా, నోటికి మూతతో ఉన్నాయా? అయితే కైలోస్టోమ్. టీనోస్టోమ్, కైలోస్టోమ్ రెండూ జిమ్నోలీమేటా తరగతివే.

మూడో తరగతి ఫైలాక్టోలీమేటా మంచినీళ్లకే పరిమితం. తెలంగాణ చెరువుల్లో పుల్లల మీద, తూటికాడల మీద వెతికేవాళ్లకు ప్లుమటెల్లా దొరకొచ్చు. స్టాటోబ్లాస్టులనే గట్టి గింజల్లాంటి నిర్మాణాలు కనిపిస్తే అది ఈ తరగతే. అలాగని మంచినీళ్లలో ఉన్నదంతా ఫైలాక్టోలీమేటా అనుకోకండి. నాగపూర్ నుంచి 1858లో కార్టర్ అనే శాస్త్రవేత్త వర్ణించిన హిస్లోపియా లాకస్ట్రిస్ మంచినీళ్లలో బతికే టీనోస్టోమ్.

6. కైలోస్టోమ్‌లో కుటుంబం, ప్రజాతి (జీనస్) వరకు

అసలు పని ఇక్కడ ఉంది, తొందరపడకండి.

ముందు బ్లీచ్. ఆరబెట్టిన నమూనాలో చిన్న ముక్క విడిగా తీసి, సగం నీళ్లు కలిపిన బ్లీచ్‌లో వేయండి. మాంసం కరిగి సున్నపు గోడలు తెల్లగా బయటపడతాయి. కొన్ని జాతులకు కొన్ని నిమిషాలు చాలు, కొన్నిటికి గంటలు పడుతుంది. పది నిమిషాలకోసారి చూస్తూ ఉండి, అయ్యాక మంచినీళ్లతో చాలాసార్లు కడగండి.

మూడు హెచ్చరికలు. మొత్తం నమూనాను ఎప్పుడూ బ్లీచ్‌లో వేయకండి. మూతలు, అవిక్యులేరియా (పక్షి ముక్కులా మారిన జూయిడ్‌లు, కింద చెబుతాను) దవడలు సున్నంవి కావు, కైటిన్ అనే గట్టి పదార్థానివి కాబట్టి బ్లీచ్‌లో పోతాయి, వాటిని ముందే సూదితో తీసి స్లైడ్ మీద పెట్టుకోండి. టీనోస్టోమ్‌లను అసలు వేయకండి, ఏమీ మిగలదు. ఇక మీ ప్రాణానికి సంబంధించింది: వెనిగర్ గానీ మరే ఆమ్లం గానీ బ్లీచ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఆల్కహాల్‌తో కలిసినా విష పదార్థాలు పుడతాయి. ఆల్కహాల్ నమూనాను ముందు నీళ్లతో బాగా కడిగిన తర్వాతే బ్లీచ్. కిటికీలు తెరిచి, గ్లవ్స్ వేసుకుని చేయండి.

ఇప్పుడు ఈ వరసలో చూస్తూ రాసుకోండి.

*ముందు వైపు గోడ.* పెట్టె పైభాగం అంతా పలుచని పొరేనా? (ఆరబెట్టినదానిలో అక్కడ ఖాళీ కిటికీ కనిపిస్తుంది.) లేక సున్నపు గోడతో మూసుకుపోయిందా? లేక పక్కటెముకల్లాంటి ముళ్లు కలిసిపోయి కప్పుగా ఏర్పడ్డాయా? మొదటిరకాన్ని అనాస్కన్, రెండోదాన్ని ఆస్కోఫోరన్, మూడోదాన్ని క్రిబ్రిమార్ఫ్ అని పిలుస్తారు. ఇవి సహజ వంశాలు కావని ఇప్పుడు తేలింది, కానీ బల్ల మీద నమూనాలను వేరు చేయడానికి ఇంతకంటే సులువైన పద్ధతి లేదు.

*నోటి ఆకారం.* అర్ధచంద్రమా, గుండ్రమా, కింది అంచులో చిన్న నొక్కు ఉందా? వాటర్సిపోరాలో ఆ నొక్కు, నల్లటి మూత స్పష్టంగా కనిపిస్తాయి. పైగా దానికి అవిక్యులేరియా, పిండ గదులు రెండూ ఉండవు. పడవ అడుగున ముదురు ఎరుపు, నలుపు రంగుల్లో పరుచుకున్న పొర కనబడితే ముందు దీన్నే అనుమానించండి. దీని జాతులు రాగి కలిసిన రంగులను కూడా తట్టుకుంటాయి. ఓడల మీద ప్రపంచమంతా తిరగడానికి అదే కారణం.

*ముళ్లు.* ఎన్ని, ఎక్కడ? అంచున కొత్తగా పుట్టిన జూయిడ్‌ల్లోనే లెక్కపెట్టండి. పాతవాటిలో ముళ్లు విరిగిపోయి ఉంటాయి. "ముళ్లు లేవు" అని రాసేముందు విరిగిన మొదళ్ల గుర్తులు ఉన్నాయేమో చూడండి.

*అవిక్యులేరియా.* ఇవి పక్షి ముక్కు ఆకారంలో మారిపోయిన జూయిడ్‌లు. ఉన్నాయా, ఏ స్థానంలో, ఎటు తిరిగి ఉన్నాయి? కొన్ని సహనివేశాల్లో ఇవి అరుదు. పది జూయిడ్‌లు చూసి లేవని తేల్చేస్తే తప్పు పేరు ఖాయం. కనీసం వంద జూయిడ్‌లు చూడండి.

*పిండ గది.* నోటి పైన గుండ్రటి టోపీ ఉందా, దాని మీద రంధ్రాలు ఉన్నాయా?

*ఆన్సెస్ట్రులా.* సహనివేశం మధ్యలో, అన్నిటికంటే చిన్నగా ఉంటుంది. మెంబ్రానిపోరాలో ఇది జంటగా ఉంటుంది. ఇలాంటి పొరల్లో ఇంతకంటే మంచి ఆనవాలు తక్కువ. అందుకే సహనివేశాన్ని అంచు నుంచి గీకి తేవడం కాకుండా మధ్య భాగంతో సహా చిప్ప ముక్కనే తీసుకురండి.

చివరగా కొలతలు. అంచున ఉన్నవి వదిలేసి, మధ్యలో ఎదిగిన 20 జూయిడ్‌ల పొడవు, వెడల్పు, నోటి పొడవు, వెడల్పు మైక్రోమీటర్లలో కొలవండి. సగటుతో పాటు కనిష్ఠం, గరిష్ఠం కూడా రాయాలి. నోటి కొలతలు జూయిడ్ పొడవు కంటే నమ్మకమైనవి, చోటు ఇరుకైనా అవి అంతగా మారవు.

7. పేరు పెట్టడం, పేరు సరిచూడడం

పాత పుస్తకంలో దొరికిన పేరు ఇప్పుడు చెల్లకపోవచ్చు. స్టొలిచ్కా అనే శాస్త్రవేత్త 1869లో బెంగాల్‌లోని పోర్ట్ కానింగ్ ఉప్పు-మంచినీళ్ల కలయిక నుంచి మెంబ్రానిపోరా బెంగాలెన్సిస్ అని వర్ణించిన జాతి తర్వాత ఎలెక్ట్రా ప్రజాతిలోకి, ఆపైన అర్బోపెర్కులా ప్రజాతిలోకి మారింది. మూత మీద కొమ్మలు వేసిన ముళ్లు దీని గుర్తు. జూబోట్రియాన్ అని పాత జాబితాల్లో కనిపించేదే ఇప్పటి అమాథియా వెర్టిసిలాటా. బుగులా నుంచి 2015లో బుగులినా, క్రిసులేరియా లాంటి ప్రజాతులు విడిపోయాయి. ప్రతి పేరునూ ప్రపంచ సముద్ర జాతుల రిజిస్టర్ అయిన వర్మ్స్ వెబ్‌సైట్‌లో కొట్టి, ఇప్పుడు ఆమోదంలో ఉన్న పేరు తీసుకోండి. మీరు వాడిన పాత పేరు కూడా పక్కన రాసి ఉంచండి. శాస్త్రీయ నామం రోమన్ లిపిలోనే రాయండి, లేకపోతే ఎవరూ వెతికి పట్టుకోలేరు.

హార్బర్లలో గోధుమ-ఊదా రంగు పొదలుగా పెరిగే బుగులా నెరిటీనాను గుర్తించడం మొదట్లో తేలిక అనిపిస్తుంది. దాని బంధువుల్లో చాలావాటికి పక్షి తల ఆకారపు అవిక్యులేరియా ఉంటాయి, దీనికి ఉండవు, ముళ్లూ ఉండవు, పిండ గదులు తెల్లటి పూసల్లా మెరుస్తాయి. కానీ ఈ పేరు కింద బయటికి ఒకేలా కనిపించే మూడు వంశాలు ఉన్నాయని డీఎన్‌ఏ చెప్పింది. క్యాన్సర్ పరిశోధనలో పేరొచ్చిన బ్రయోస్టాటిన్‌లు దొరికింది ఈ జంతువు నుంచే. వాటిని తయారు చేసేది దీనిలో నివసించే బ్యాక్టీరియా. కాబట్టి ఏ వంశం ఏ తీరంలో ఉందన్నది ఊరికే పేర్ల గొడవ కాదు. డీఎన్‌ఏ చూడకపోతే మీ రికార్డులో "బుగులా నెరిటీనా సముదాయం" అని రాయండి. 95 శాతం ఇథనాల్ ముక్క ఉంటే తర్వాత ఎవరైనా తేల్చగలరు.

నమ్మకం ఎంతో అంతే రాయాలి. కుటుంబం వరకే తెలిస్తే అక్కడే ఆగండి. ప్రజాతి తెలిసి జాతి తెలియకపోతే ప్రజాతి పేరు పక్కన "ఎస్‌పీ" అని, ఫలానా జాతికి దగ్గరగా ఉంది కానీ సరిపోల్చాలి అనుకుంటే "సీఎఫ్" అని పెట్టే పద్ధతి ఉంది. సగం తెలిసిన పేరును పూర్తి పేరుగా రాస్తే అది డేటాబేస్‌లోకి వెళ్లి ఏళ్ల తరబడి అందరినీ తప్పుదారి పట్టిస్తుంది.

8. విస్తరణ రికార్డు

ఒక్కో నమూనాకు ఇవి రాయండి: తేదీ, సమయం, ఫోన్‌లోని అక్షాంశ రేఖాంశాలు నాలుగు దశాంశాల వరకు, అందులో ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చో, లోతు లేదా ఆటుపోట్ల మట్టం, దేనికి అంటుకుని ఉంది, నీటి ఉష్ణోగ్రత, లవణీయత, బతికి ఉందా, పిండ గదులు ఉన్నాయా, ఎంత ఎక్కువగా ఉంది, ఎవరు గుర్తించారు, ఏ లక్షణాలను బట్టి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాట్లు చెబుతాను.

ఒడ్డుకు కొట్టుకొచ్చినదాన్ని స్థానిక జాతిగా చూపించడం మొదటిది. ప్లాస్టిక్ మూత మీద బతికే సహనివేశం వందల కిలోమీటర్లు తేలి వచ్చి ఉండొచ్చు. మన తీరం వెంట ప్రవాహం సుమారుగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు దక్షిణానికి నడుస్తుంది. అదే సీసా ఏ నెలలో దొరికిందన్న దాన్ని బట్టి అది వచ్చిన దిక్కు మారిపోతుంది. కొట్టుకొచ్చినవాటికి, రాతికి అంటుకుని ఉన్నవాటికి వేర్వేరు కాలమ్‌లు పెట్టండి. పడవ మీద దొరికితే ఆ పడవ ఏ రేవుదో రాయండి.

రెండోది, కనబడనివి రాయకపోవడం. ఒక చోట అరగంట వెతికి ఏమీ దొరకలేదంటే అదీ సమాచారమే. ఎంతసేపు, ఎన్ని రాళ్లు చూశారో రాయండి. ఇది లేని మ్యాప్ జంతువు ఎక్కడుందో చెప్పదు, మనుషులు ఎక్కడ వెతికారో చెబుతుంది. బ్రయోజోవన్ మ్యాపుల్లో చుక్కలు విశ్వవిద్యాలయాల చుట్టూ, రేవుల చుట్టూ గుమిగూడి ఉండడానికి కారణం అదే. విశాఖ హార్బర్, గోదావరి ముఖద్వారం బ్రయోజోవన్ల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు దశాబ్దాల కిందటే పని చేశారు కాబట్టి ఆ చోట్ల పేర్లు ఉన్నాయి. మధ్యలో ఉన్న తీరం చాలావరకు ఖాళీగా కనిపిస్తే అక్కడ జంతువులు లేవని అర్థం కాదు.

మూడోది, ఒక్క రుతువు చూసి తీర్పు చెప్పడం. వరదల తర్వాత నదుల మంచినీళ్లు బంగాళాఖాతం పైపొరలో పరుచుకుని లవణీయత పడిపోతుంది. అది తట్టుకోలేని జాతులు ఒడ్డున మాయమవుతాయి. అర్బోపెర్కులా లాంటివి నిలబడతాయి. కాకినాడ అఖాతంలో ఈ తేడా చూడదలిస్తే ఏప్రిల్-మే, ఆగస్టు-సెప్టెంబర్, నవంబర్-డిసెంబర్, జనవరి-ఫిబ్రవరి నాలుగు విడతలూ అవే చోట్లకు, అదే స్థాయి పాటులో వెళ్లండి. లవణీయతను ఒకసారి పోటులో, ఇంకోసారి పాటులో కొలిస్తే ఆ అంకెలను పోల్చలేరు.

విస్తరణను అర్థం చేసుకోవడానికి డింభకం రకం కూడా తెలిసి ఉండాలి. మెంబ్రానిపోరా, ఎలెక్ట్రాల సైఫొనాటీస్ డింభకం తింటూ వారాల తరబడి నీళ్లలో తిరుగుతుంది. బుగులా డింభకం సాధారణంగా కొన్ని గంటల్లోనే అతుక్కుంటుంది. ఈ రెండోరకం జాతి దూరపు రేవులో కనిపిస్తే అది ఈదుకుంటూ వచ్చింది కాదు, ఓడ మీదో చెత్త మీదో వచ్చింది. అమెరికా ఈశాన్య తీరంలోని మైన్ సింధుశాఖలో 1987లో కనిపించిన మెంబ్రానిపోరా మెంబ్రనేసియా ఐరోపా వైపు నుంచి వచ్చినదే. కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు ఆకులను పొరగా కప్పేసి, అవి పెళుసై విరిగిపోయేలా చేసి, అక్కడి కెల్ప్ అడవులను దెబ్బతీసింది. అది చల్లని నీళ్ల కెల్ప్ మీది జాతి. మన తీరపు జాబితాలో ఆ పేరు కనిపిస్తే నమూనాను మళ్లీ చూడకుండా ఒప్పుకోకండి.

ప్రత్యామ్నాయం: రాళ్లు లేని ఇసుక తీరంలో ఉన్నవాళ్లు, లేదా అంకెలు పోల్చదలచినవాళ్లు ఫలకాలు వేలాడదీయండి. 14 సెంటీమీటర్ల చదరపు పీవీసీ ముక్కను గరుకు కాగితంతో రుద్ది, బరువు కట్టి, తేలే జెట్టీ నుంచి మీటరు లోతులో ముఖం కిందికి ఉండేలా కట్టండి. మూడు నెలలకు తీయండి. మన వెచ్చని నీళ్లలో అప్పటికి బార్నకిల్స్, అసీడియన్లు అన్నిటినీ కప్పేయొచ్చు, అందుకని పక్కనే ఇంకో ఫలకాన్ని నెలకే తీసేలా పెట్టండి. తీసిన రోజే సముద్రపు నీటి ట్రేలో, బతికి ఉండగా చూడాలి. 50 బిందువుల గడుల షీటు పరిచి, ఒక్కో బిందువు కింద ఏముందో లెక్కపెడితే ఆక్రమించిన శాతం వస్తుంది.

9. ఫలితం సరిగ్గా ఉందా?

వారం తర్వాత, ముందు రాసిన పేరు చూడకుండా, ఫొటో నుంచి కాకుండా నమూనా నుంచే మళ్లీ గుర్తించండి. రెండు పేర్లూ ఒకటైతే ఇంకొకరికి పేరు చెప్పకుండా నమూనా ఇవ్వండి. ఇద్దరి పేర్లూ వేరైతే ఏ లక్షణం దగ్గర దారి చీలిందో వెతకండి. చాలాసార్లు అది అవిక్యులేరియా దగ్గరో, విరిగిన ముళ్ల దగ్గరో చీలుతుంది.

జాతిని మొదట వర్ణించిన వ్యాసంతో మీ కొలతలు పోల్చండి. ఇంకొకరి ఫొటోతో పోల్చడం చాలదు, ఆ ఫొటో పేరే తప్పు కావచ్చు. మీ కొలతల పరిధి వర్ణనలోని పరిధికి పూర్తిగా బయట ఉంటే ఆ పేరు వదిలేయండి.

గ్లోబల్ బయోడైవర్సిటీ డేటాబేస్ జీబిఫ్‌లో ఆ జాతి చుక్కలు చూడండి. మీది అన్నిటికీ వేల కిలోమీటర్ల దూరంలో ఉంటే మూడు అవకాశాలే: పేరు తప్పు, ఓడ మీద వచ్చింది, లేదా నిజంగా కొత్త సమాచారం. ఈ వరసలోనే అనుమానించండి. అక్షాంశ రేఖాంశాలు తారుమారయ్యాయేమో కూడా చూడండి. మ్యాపులో మీ చుక్క నేల మీదో, ఇంకో దేశంలోనో పడితే కారణం సాధారణంగా అదే.

కుటుంబం దాటి వెళ్లాలంటే కొన్ని జాతులకు స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలు కావాల్సి వస్తాయి. విశ్వవిద్యాలయాల్లో ఫీజు కట్టి తీయించుకోవచ్చు. బ్లీచ్ చేసి, బాగా కడిగి, పూర్తిగా ఆరిన ముక్కే ఇవ్వండి. ఉప్పు స్ఫటికాలు మిగిలితే రంధ్రాలన్నీ మూసుకుపోయి చిత్రం పనికిరాదు.

నమూనాలో ఒక భాగం భద్రమైన చోట ఉండాలి. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెన్నైలో సముద్ర జీవుల ప్రాంతీయ కేంద్రం, ఒడిశాలోని గోపాల్‌పూర్‌లో నదీముఖ జీవుల కేంద్రం, హైదరాబాద్‌లో మంచినీటి జీవుల కేంద్రం ఉన్నాయి. ఏది ఎక్కడికి పంపాలో ముందు ఉత్తరం రాసి అడిగి, అనుమతి పత్రాల నకళ్లు జతచేసి పంపండి. వాళ్లు ఇచ్చే రిజిస్టర్ సంఖ్యను మీ రికార్డులో పేరు పక్కనే రాసుకోండి.